పూల్ పంపు స్టార్ట్ కాకపోతే ముందు చెవి పెట్టి వినండి

స్విమ్మింగ్ పూల్ పంపు మొరాయిస్తే చాలామంది చేసే మొదటి పని స్విచ్ ఆపి మళ్ళీ వేయడం. తిరగలేదా, ఇంకోసారి. అప్పటికీ తిరగకపోతే స్టార్టర్ బటన్ నొక్కిపట్టుకొని, కాసేపటికైనా లేస్తుందేమో అని చూడడం. మోటరు నిజంగా కాలిపోయేది ఎక్కువగా అక్కడే. అంతకుముందు అందులో ఉన్న లోపం మోటరుకు మొదటి తోపు ఇచ్చే చిన్న కెపాసిటర్‌దో, పట్టేసిన ఇంపెల్లర్‌దో, అంటే నీళ్ళను తోసే రెక్కల చక్రానిదో అయివుంటుంది, కానీ కరెంటు అందుతూ కూడా తిరగని మోటరు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, తిరగడం లేదు కాబట్టి వెనక ఫ్యాను గాలి కూడా తగలదు, లాగిన కరెంటంతా మోటరు లోపలి తీగచుట్ట అయిన వైండింగ్‌లో వేడిగా మిగిలిపోతుంది. కాబట్టి స్విచ్ ఒక్కసారే వేయాలి. మూడు సెకన్లు వినాలి. ఆపేయాలి.

ఆ మూడు సెకన్లలో మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. అసలు చప్పుడే ఉండదు, లేదా ‘గుయ్‌’మని మూలుగుతూ తిరగదు, లేదా తిరగబోయిందో లేదో ఎక్కువ కరెంటు పారితే తెంచే ఎంసీబీయో, కరెంటు నేలలోకి కారితే తెంచే ఆర్‌సీసీబీయో టక్కున పడిపోతుంది. చప్పుడు లేదంటే కరెంటు వైండింగ్ దాకా రావడం లేదు. మూలుగుతోందంటే వచ్చింది గానీ లేవడానికి బలం చాలడం లేదు, లేకపోతే ఏదో పట్టేసింది. ట్రిప్ అవుతోందంటే ఎక్కువగా కరెంటు పోకూడని దారిలో పోతోంది. ఈ తేడా చూడకుండా మోటరు విప్పి, ఆటోలో వేసుకొని, నేరుగా వైండింగ్ షాపుకు తీసుకెళ్తే అక్కడ సగం రోజు పోతుంది, ఒక్కోసారి బాగున్న వైండింగ్ కూడా పోతుంది.

అనంతపురం, కర్నూలు, కడప చుట్టుపక్కల పిల్లలకు ఈత అంటే ఒకప్పుడు బావి. నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్ళు తోసేవాళ్ళు. ఆ బావుల్లో చాలావాటిలో ఇప్పుడు ఈదేంత నీళ్ళు లేవు, ఊరి చివర తోటల్లోనూ బైపాస్ పక్కనా గంటకింత అని తీసుకునే పూల్స్ వచ్చాయి. ఉగాది అటూ ఇటూ తెరిచి, జూన్‌లో బడులు మొదలయ్యేదాకా నడిపి, ఆ తర్వాత వదిలేసేవే వీటిలో ఎక్కువ. అంటే దాదాపు తొమ్మిది నెలలు కదలని పంపును ఎండలు ముదిరే రోజుల్లో ఒక్కసారిగా రోజుకు పది గంటలు తిప్పుతారన్నమాట. పంపుకు ఇంతకంటే కష్టమైన బతుకు ఉండదు. పైగా నీళ్ళ సంగతి. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న చిన్న పూల్‌లోనే 60,000 లీటర్లు పడతాయి, 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే అనంతపురంలో, పంపు ఆగినందుకు నీళ్ళు పచ్చబడి వాటిని పారబోయాల్సి వస్తే, ఆ నష్టం ముందు మోటరు రిపేరు ఖర్చు లెక్కలోకే రాదు.

చప్పుడే లేని కేసులో మోటరు తప్పు ఉండేది తక్కువ. ముందు ఎంసీబీ చూడాలి, అది ట్రిప్ అయి కూడా పైకి ఉన్నట్టే కనిపించొచ్చు కాబట్టి పూర్తిగా కిందికి దించి మళ్ళీ పైకి వేయాలి. తర్వాత మల్టీమీటర్‌తో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజ్ చూడాలి. టెస్టర్‌ను నమ్ముకుంటే ఇక్కడ మోసపోతారు. టెస్టర్ వెలిగితే ఫేజ్ వచ్చిందని మాత్రమే అర్థం, న్యూట్రల్ ఎక్కడో ఊడిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది, ‘కరెంటు ఉంది, మోటరే పోయింది’ అన్న తప్పుడు తీర్పు చాలాసార్లు ఈ చిన్న లైటు దగ్గరే పుడుతుంది.

టైమర్ ఉన్న పూల్స్‌లో ఇంకో సంగతి. చుట్టూ పిన్నులుండే గుండ్రటి టైమర్లలో బ్యాటరీ లేని రకం కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. రెండు రోజుల్లో నాలుగు గంటలు కరెంటు పోయిందనుకోండి, పొద్దున ఆరుకు మొదలవ్వాల్సిన పంపు పదికి మొదలవుతుంది, ఆరున్నరకు వచ్చి చూసినవాళ్ళకు అది చెడిపోయిన పంపులా కనిపిస్తుంది. స్టార్టర్ డబ్బా మూత తీస్తే కాంటాక్టుల మధ్య నలిగి చచ్చిన చీమలో బల్లో కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు, కరెంటు ఆపి బ్రష్‌తో శుభ్రం చేస్తే చాలు. మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పడివుంటే రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కాలి. మళ్ళీ పడితే మోటరు ఎక్కువ కరెంటు ఎందుకు లాగుతోందో వెతకాలి గానీ, రిలే మీద ఉన్న ఆంపియర్ ముల్లు పెంచేసి సర్దుకోకూడదు. అది మోటరుకు ఉన్న చివరి కాపలా.

మధ్యాహ్నం రెండింటికి ఎంత చేసినా ఉలుకూ పలుకూ లేని పంపు సాయంత్రం తనంతట తానే తిరగడం ఈ ప్రాంతంలో బాగా కనిపించే వింత. చాలా సింగిల్ ఫేజ్ మోటర్ల వైండింగ్‌లో ఒక థర్మల్ ప్రొటెక్టర్ ఉంటుంది. వేడి హద్దు దాటితే అది తెగి సర్క్యూట్‌ను ఆపేస్తుంది, చల్లారాక తనే కలుస్తుంది, అందుకు అరగంట పట్టొచ్చు, గంటైనా పట్టొచ్చు. మామూలుగా మోటర్లను చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉంటుందన్న లెక్కతో తయారుచేస్తారు. కర్నూలులో మే నెల మధ్యాహ్నం నీడలోనే ఆ అంకె దాటిపోతుంది, ఇక పంపును గుంతలో పెట్టి పైన కడప బండ మూసేసినా, రేకుల డబ్బాలో బిగించినా లోపలి వేడి ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. దొంగలు ఎత్తుకుపోతారనో పిల్లలు చెయ్యి పెడతారనో అలా మూయడం అర్థం చేసుకోదగ్గదే, కానీ గాలి పోయే దారి లేకపోతే మోటరు తన వేడిలో తనే ఉడుకుతుంది. బండ బదులు కడ్డీల జాలీ వేసి పైన కాస్త ఎత్తులో నీడ కట్టినా, పంపు నడిచే వేళను తెల్లవారుజాముకూ రాత్రికీ కొంత మార్చినా ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మోటరు వెనక ఫ్యాను మూతకు ఆషాఢం గాలికి పట్టిన దుమ్మును కూడా ఎవరూ పట్టించుకోరు. ఆ చిల్లులు పూడితే గాలి ఎక్కడినుంచి వస్తుంది?

ఇక మూలుగు. ఈ శబ్దాన్నే సరిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే కాపాడుకోగలిగిన మోటర్లు ఎక్కువగా కాలిపోయేది ఈ దశలోనే.

సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్కటే ఆగివున్న మోటరును తిప్పలేదు. అది మోటరులో తిరిగే భాగమైన రోటర్‌ను ముందుకూ వెనక్కూ సమానంగా తోస్తుంది, దాంతో రోటర్ ఎటూ పోలేక మూలుగుతుంది. ఎటు తిరగాలో తేల్చేది రెండో వైండింగ్, దానికి వరుసలో ఉండే కెపాసిటర్. కండెన్సర్ అని అడిగినా షాపువాళ్ళు ఇచ్చేది దీన్నే. ఇది బలహీనపడితే మోటరుకు మొదటి తోపు అందదు. అయితే ఇంపెల్లర్ పట్టేసినా, బేరింగ్ బిగుసుకున్నా, వోల్టేజ్ తక్కువున్నా వినపడేది ఇదే మూలుగు. వీటిని విడదీసే పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. కరెంటు పూర్తిగా ఆపి, మోటరు వెనక ఫ్యాను మూత విప్పి, మధ్యలో ఉండే ఇరుసును, అంటే షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. కొన్ని మోటర్లలో షాఫ్టు చివర స్క్రూడ్రైవర్ పెట్టడానికి గాడి కూడా ఉంటుంది. సులువుగా తిరిగిందంటే అనుమానం కెపాసిటర్ మీద, వోల్టేజ్ మీద. కదలకపోయినా గరగరమని పట్టుకుంటూ తిరిగినా లోపం యంత్రంలో. కరెంటు ఉండగా పుల్ల పెట్టి ఫ్యానును తిప్పి స్టార్ట్ చేసే పద్ధతి చాలాచోట్ల చూస్తాం, తిరుగుతుంది కూడా, కానీ వేళ్ళు పోగొట్టుకోవడానికి అంతకంటే తేలికైన దారి లేదు.

కరెంటు పూర్తిగా ఆపడం అంటే ఎంసీబీ దించడం ఒక్కటే కాదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఒక్క వైరునే తెంచుతుంది, ఎప్పుడో ఎవరో లైను సరిచేసినప్పుడు ఫేజ్, న్యూట్రల్ తారుమారు అయివుంటే ఎంసీబీ కింద ఉన్నా మోటరులో కరెంటు ఉన్నట్టే. రెండు వైర్లనూ తెంచే ఐసోలేటర్ దించాలి, టెర్మినల్ దగ్గర మీటర్‌తో చూసుకోవాలి, కాళ్ళ కింద తడి లేకుండా చూసుకోవాలి.

కెపాసిటర్‌ను ముట్టుకునే ముందు దానిలో నిలిచివున్న చార్జ్ తీసేయాలి. రెండు వైర్లు తగిలించిన 100 వాట్ల మామూలు బల్బును దాని రెండు కొసలకు ఆనిస్తే సరిపోతుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి చిటపటలాడిస్తే కెపాసిటర్ దెబ్బతింటుంది, కళ్ళలో నిప్పురవ్వ పడే ప్రమాదం వేరే. ఉబ్బినా, జిడ్డు కారినా పరీక్షే అక్కర్లేదు, మార్చేయాలి. పైకి బాగున్నట్టుంటే కెపాసిటెన్స్ చూపే మల్టీమీటర్‌తో కొలవాలి. 25 మైక్రోఫారడ్ అని రాసివున్నది 15 చూపిస్తే దాని పని అయిపోయినట్టే. కొత్తది అదే మైక్రోఫారడ్, వోల్టేజ్ అంతే లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, 440 వోల్టులది తీసి 250 వోల్టులది పెట్టకూడదు. ‘కాస్త పెద్దది వేస్తే గట్టిగా లేస్తుంది’ అని 25 బదులు 36 వేయడం ఇంకో అలవాటు. లేస్తుంది నిజమే, కానీ ఆ ఎక్కువ కరెంటు మోటరు తిరిగినంతసేపూ రెండో వైండింగ్‌లో పారుతూనే ఉంటుంది, వేసవి దాటేలోపే అది మాడుతుంది.

షాఫ్టు కదలకపోతే మన ఉప్పునీళ్ళ గురించి మాట్లాడుకోవాలి. ఇక్కడి బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, అన్నం గిన్నెకూ బకెట్‌కూ తెల్లగా పట్టే సున్నపు పొర పంపు లోపల కూడా పడుతుంది. పంపు నడుస్తున్నంతకాలం పొర మెల్లగా పడుతుంది. ఎండాకాలం పోయాక నీళ్ళు తీయకుండా అలాగే వదిలేస్తే, లోపలి తడి ఆరిపోతూ ఇంపెల్లర్‌కూ కేసింగ్‌కూ మధ్య ఉన్న సన్నటి సందులో గట్టిపడుతుంది, షాఫ్టు వెంట నీళ్ళు మోటరులోకి పోకుండా ఆపే మెకానికల్ సీల్‌లో ఒకదాని మీద ఒకటి తిరగాల్సిన రెండు ముఖాలను అతికించేస్తుంది. దీనికి బలం వాడకూడదు. పైపు రెంచ్ పెట్టి తిప్పితే ప్లాస్టిక్ ఇంపెల్లర్ విరుగుతుంది, సీల్ పగులుతుంది. పంపు ముందు భాగంలో నీళ్ళు నింపి ఒక రాత్రి నాననిచ్చి, షాఫ్టును కొంచెం అటు, కొంచెం ఇటు కదుపుతూ రావాలి. అప్పటికీ రాకపోతే బోల్టులు విప్పి ముందు భాగం వేరుచేసి, పలచటి నిమ్మ ఉప్పు నీళ్ళలో ఇంపెల్లర్‌ను నానబెడితే పొర కరుగుతుంది. పంపు ముందు చెత్తను పట్టే బుట్ట దాటి వచ్చిన చిన్న గులకరాయి, వేపకాయ గింజ, పిల్లల జడకు పెట్టే రబ్బరు బ్యాండు ఇంపెల్లర్‌లో ఇరుక్కోవడం కూడా తరచూ జరిగేదే, బుట్ట పగిలివుందేమో చూడాలి.

షాఫ్టు సులువుగా తిరుగుతోంది, కెపాసిటర్ కొత్తది, అయినా మూలుగుతోంది. అప్పుడు చూడాల్సింది వోల్టేజ్, అదీ స్విచ్ వేసిన క్షణంలో మోటరు దగ్గర. మోటరు తిప్పే బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టుల బదులు 180 వస్తే వోల్టేజ్ తగ్గింది ఐదో వంతే, కానీ బలం 61 శాతానికి పడిపోతుంది. 160 అయితే సగం కూడా మిగలదు. మరి మీటర్ దగ్గర 230 ఉంటే మోటరు దగ్గర 180 ఎలా అవుతుంది? తోటల్లో ఇంటికీ పూల్‌కూ మధ్య దూరం వల్ల. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 100 మీటర్లు లాగితే పోనూ రానూ దాని రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర ఓమ్. ఒకటిన్నర హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 8 ఆంపియర్లు తీసుకుంటే వైరులో పోయేది 12 వోల్టులే, ఎవరికీ తెలియదు. స్టార్ట్ అయ్యే క్షణంలో అదే మోటరు 40 ఆంపియర్ల దాకా లాగాలని చూస్తుంది, అప్పుడు వైరులోనే 50 వోల్టుల దాకా పోతాయి. అదే సైజు అల్యూమినియం వైరైతే నష్టం ఇంకా ఎక్కువ. బల్బు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, పంపు మాత్రం లేవదు. ఇలాంటిచోట మోటరు మార్చినా ఫలితం ఉండదు, వైరు మార్చాలి. అందుకే తోటలో పూల్ కట్టేటప్పుడే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించడం మీద పట్టుబట్టాలి, టైల్స్ రంగు మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు చాలు.

త్రీఫేజ్ పంపు అయితే లెక్క వేరు. దానికి కెపాసిటర్ అక్కర్లేదు గానీ మూడు ఫేజులూ ఉండాలి. వ్యవసాయ లైన్ల మీద త్రీఫేజ్ రోజులో కొన్ని గంటలే ఉంటుందని రైతులకు చెప్పనక్కర్లేదు, పూల్ నడిపే కుర్రవాడికి మాత్రం చెప్పాలి. రెండు ఫేజులే ఉన్నప్పుడు స్విచ్ వేస్తే మోటరు మూలుగుతుంది, నిమిషాల్లో కాలుతుంది. ఒక ఫేజ్ లేకపోతే పసిగట్టే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉంటే అది స్టార్టర్‌ను పట్టనివ్వదు, చప్పుడే రాదు. ‘ప్రివెంటర్ పాడైంది, తీసేసి డైరెక్ట్ చేశాం’ అనే మాట వినపడితే ఆ మోటరు మీద ఆశ వదులుకోవడమే.

మూడోది, ట్రిప్ అయ్యే పంపు. ఇక్కడ మోటరు కంటే మనుషుల ప్రాణం ముఖ్యం. ఎంసీబీ పడితే షార్ట్ అయినా కావచ్చు, తిరగలేక ఎక్కువ కరెంటు లాగినా కావచ్చు. ఆర్‌సీసీబీ పడితే మాత్రం కరెంటు ఎక్కడో నేలలోకి కారుతోందని అర్థం. సీల్ లీకై షాఫ్టు వెంట నీళ్ళు మోటరులోకి పాకడం దీనికి మామూలు కారణం, పంపుకూ మోటరుకూ మధ్య కింద తెల్లటి ఉప్పు చార కనిపిస్తే అది ఎప్పటినుంచో జరుగుతున్నట్టే. టెర్మినల్ డబ్బాలో తడి, ఎలుక కొరికిన వైరు, పాత అతుకులు కూడా చూడాలి. ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి వైండింగ్‌కూ బాడీకీ మధ్య కనీసం ఒక మెగ్‌ఓమ్ ఉందో లేదో చెప్తాడు. లేకపోతే మోటరు విప్పి రెండు రోజులు మన ఎండలో ఆరబెట్టి మళ్ళీ కొలవాలి, చాలాసార్లు తేరుకుంటుంది. సీల్, బేరింగ్ మార్చకుండా మళ్ళీ బిగిస్తే మాత్రం ఆరబెట్టింది వృథా.

ఆర్‌సీసీబీ ‘ఊరికే పడుతోంది’ అని దాన్ని తప్పించి వైరు కలిపేయడం నేరంతో సమానం. ఎర్త్ ఉంది కదా, ఎంసీబీ ఉంది కదా అని ధైర్యం చెప్పుకుంటారు. ఒక లెక్క చూడండి. ఎర్రనేల, కింద రాయి, వేసవిలో ఎండిపోయిన ఎర్త్ గుంత, దాని రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు అనుకుందాం. మోటరు బాడీకి ఫేజ్ తగిలితే నేలలోకి పోయే కరెంటు 230ని 20తో భాగిస్తే వచ్చే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి ఎప్పటికీ పడదు. పంపు బాడీ, దానికి తగిలిన నీళ్ళు, ఆ నీళ్ళలో ఉన్న పిల్లలు, అంతా కరెంటులోనే ఉంటారు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒక్కటే అక్కడ క్షణంలో తెంచగలదు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి, ఎర్త్ గుంతలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్ళు పోయాలి. ఆర్‌సీసీబీ పడినంతసేపు పూల్‌లోకి ఎవరినీ దిగనివ్వకూడదు, టికెట్ డబ్బులు తిరిగి ఇవ్వాల్సి వచ్చినా సరే.

మోటరు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు అంటే అది వేరే రోగం, గాలి పట్టింది. పూల్ మట్టం గోడలో పైనీళ్ళను లాగే స్కిమ్మర్ నోటి సగానికి తగ్గకుండా చూసి, బుట్ట మూత కింది ఓ రింగ్ శుభ్రం చేసి, బుట్ట నిండా నీళ్ళు పోసి మూత బిగించి వేస్తే చాలావరకు ఎత్తుకుంటుంది. నీళ్ళు లేకుండా పది నిమిషాలైనా తిప్పకూడదు అన్నదొక్కటే ముఖ్యం, సీల్ కాలుతుంది, అదే రేపటి ట్రిప్‌కు మొదలు.

రిపేరు ఒక రోజు మించి పట్టేలా ఉంటే నీళ్ళను వదిలేయకూడదు. క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే స్టెబిలైజర్ మందు లేని పూల్‌లో ఎండ కొద్ది గంటల్లోనే క్లోరిన్‌ను చాలావరకు తినేస్తుంది, కదలని వెచ్చటి నీళ్ళు ఒకటి రెండు రోజుల్లో పచ్చబడతాయి. పొద్దుగూకాక క్లోరిన్ కలిపి బకెట్‌తోనో వెదురు కర్రకు కట్టిన బ్రష్‌తోనో నీళ్ళను కలియబెట్టాలి, అంతవరకు పూల్ మూసేయాలి. వెచ్చగా, క్లోరిన్ లేకుండా నిలిచిన నీళ్ళలో నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా పెరగగలదు, ముక్కులోంచి మెదడుకు చేరి చాలావరకు ప్రాణమే తీస్తుంది. 2024లో కేరళలో పిల్లలు దీనికి బలయ్యారు.

వైండింగ్ నిజంగానే కాలితే, మాడిన వార్నిష్ వాసనే చెప్పేస్తుంది. అప్పుడు షాపులో అడగాల్సింది ఒక్కటే, లోపల ఉన్నది రాగి వైరైతే మళ్ళీ రాగి వైరే, అదే గేజ్‌లో చుట్టాలి. ధర తగ్గుతుందని అల్యూమినియం ఒప్పుకుంటే వచ్చే మేలో మళ్ళీ అదే షాపు దగ్గర నిలబడాలి.

సీజన్ అయిపోయి పంపు ఆపే రోజున కింది డ్రెయిన్ మూత విప్పి లోపలి నీళ్ళన్నీ వదిలేసి, ఒకసారి మంచినీళ్ళతో కడిగి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి షాఫ్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పిస్తే, సున్నం పట్టి బిగుసుకునే బాధ చాలావరకు ఉండదు. కెపాసిటర్ మీద ఉన్న మైక్రోఫారడ్, వోల్టేజ్ అంకెలనూ, బేరింగ్ నంబరునూ స్టార్టర్ డబ్బా మూత లోపలివైపు మార్కర్‌తో రాసిపెడితే, ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున షాపతను ‘ఎంతది కావాలి’ అని అడిగినప్పుడు పది కిలోమీటర్లు వెనక్కి వెళ్ళి చూసి రావాల్సిన పని ఉండదు.